ఓడలోంచి దిగిన చేపనూనె

మీ ఒంటి మీద ఎర్రటి బిళ్ళలు లేచి, వాటి మీద తెల్లటి పొలుసులు కట్టాయనుకోండి. చుట్టాల్లో ఎవరో చేపనూనె సీసా పట్టుకొచ్చి, ఇది తాగు, నెల తిరిగేసరికి ఒళ్ళు నున్నగా అయిపోతుంది అన్నారనుకోండి. ముందు ఆయన్నే ఒక గరిటెడు తాగమనండి. తాగితే అప్పుడు ఆలోచించండి. తాగకపోతే సీసాతో సహా గుమ్మం దాటించండి. నాకీ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు, అందుకని నేను చెబుతున్నాను. ఏమిటీవిడ ఇంత కోపంగా రాస్తోంది అని ఎవరికైనా అనిపిస్తే, అవును, కోపంగానే రాస్తున్నాను.

ఎనభై నాలుగు, చలికాలం

మాది మల్కాపురం. మా ఆయనకు పోర్టులో క్రేను దగ్గర పని. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మాతో మా అత్త, మా పాప పైడి. పైడికి అప్పటికి అయిదేళ్ళు. నేను కుడుతుంటే మిషను కింద చేరి గుడ్డముక్కలతో బొమ్మలకు చీరలు కట్టేది.

ముందు మోచేతుల మీద మొదలైంది. మిషను బల్లకు మోచెయ్యి ఆనించి ఆనించి గరుకెక్కిందనుకున్నాను. తర్వాత మోకాళ్ళ మీద వచ్చింది, నడుం మీద వచ్చింది, ఆఖరికి తల్లోకి ఎక్కింది. దువ్వుకుంటే భుజాల మీద పొట్టు రాలేది. ఇక దురద సంగతి ఏం చెప్పను? దోమ కుడితే వచ్చే దురద లాంటిది కాదిది. గోకితే రక్తం వస్తుంది, గోకకపోతే పిచ్చెక్కుతుంది. పొద్దున లేస్తే పక్కబట్ట మీద నా చర్మం నేనే దులుపుకోవాలి. ఆ పొట్టు ఊడుస్తూ మా అత్త గొణుక్కోవడం నాకు వినపడేలాగే గొణుక్కునేది.

ఆసుపత్రిలో చర్మం డాక్టరు గది ముందు ఒక పొడుగాటి బెంచీ ఉండేది. దాని మీద కూర్చుంటే అనిపించినంత చిన్నతనం నాకు ఇంకెక్కడా అనిపించలేదు. అక్కడికి వచ్చిన అందరికీ ఒంటి మీద ఏదో ఒకటి ఉంది. అయినా ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చేతులు చూసి చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుంటారు. సిగ్గులేకుండా నేనూ లాక్కున్నాను.

డాక్టరు నా మోచెయ్యి తిప్పి చూసి, "సోరియాసిస్ అంటారమ్మా దీన్ని. అంటుకోదు. ప్రాణానికేం భయం లేదు. కాకపోతే పూర్తిగా పోదు. వస్తూ ఉంటుంది, తగ్గుతూ ఉంటుంది" అన్నాడు. పూతమందు రాసిచ్చాడు. అంటుకోదు అన్న మాట నేను ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకొచ్చాను. గుమ్మంలోనే చెప్పాను. ఇంట్లో ఎవరికీ ఆ మాట చెవికెక్కలేదు. పోదు అన్న మాట మాత్రం ఎక్కింది.

"అంటుకోందయితే నీకెలగొచ్చినాదే?" అంది మా అత్త, పైడి వైపు చూస్తూ. "ఎవులికాడినుంచో అంటుకునే వొచ్చుంటాది. రేపు గుంటకొస్తే ఏటి సేత్తావు? ఆడగుంట. దాని బతుకేటి కావాల?"

అక్కడితో ఆగలేదు. కంచరపాలెంలో ఉన్న మా ఆడపడుచు నరసమ్మను పిలిపించింది. ఆవిడ మా ఆయనకు అక్క, నాకు వదిన. ఇద్దరూ వంటింట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. బయటకొచ్చి మా అత్త, "గుంటను నరసమ్మ తీసుకెల్తాది. నీ ఒల్లు నున్నగయిన రోజు నానే తెచ్చి నీ ఒల్లో కూకోబెడతాను" అని తీర్పు చెప్పేసింది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చొక్కా గుండీ చూసుకుంటున్నాడు. క్రేనుతో టన్నుల సరుకు ఎత్తే మనిషి తల ఎత్తలేకపోయాడు. పైడి కొత్త గౌను వేసుకుని, అత్తయ్య ఊరు వెళుతున్నానని గంతులేస్తూ వెళ్ళిపోయింది. నేను పీట మీద కూలబడి ఏడ్చాను. ఆ తర్వాత చాలా రోజులు ఏడవలేదు. కోపంతోనే గడిపాను.

ఎనభై అయిదు, ఎండలు

పిల్లను తీసుకెళ్ళిపోయాక పథ్యం మొదలుపెట్టారు. వంకాయ వద్దు, గోంగూర వద్దు. అన్నిటికంటే ముందు నీసు వద్దు. దురద ఉన్నవాళ్ళు చేప ముట్టకూడదని మా అత్త పట్టు. మాది చేప లేకుండా ముద్ద దిగని ఇల్లు. నాతోనే చేపలు తోమించేది, నాతోనే పులుసు పెట్టించేది, తినేటప్పుడు నాకు చారు పోసేది. పులుసు రుచి చూసుకోవడానికి కూడా లేదు. ఉప్పు తక్కువైతే మళ్ళీ నన్నే తిట్టేది.

కుట్టుపని కూడా పోయింది. ఒకావిడ కొలతకిచ్చిన జాకెట్టు వెనక్కి తీసుకుంటూ, రెండు వేళ్ళతో కొస పట్టుకుంది. మా ఇంటి చూరు కింద నిలబడి దాన్ని నా మొహం మీదే దులిపింది. ఆవిడ పేరు రాయాలని చెయ్యి లాగుతోంది. పోనీలే, రాయను.

ప్రతి ఆదివారం కంచరపాలెం వెళ్ళేదాన్ని. వదిన నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది. పైడి గడప లోపల నిలబడి మాట్లాడేది. మొదట్లో పరిగెత్తుకొచ్చేది. వచ్చిన ప్రతిసారీ వదిన వెనక నుంచి, "పైడీ! ఏటి సెప్పినాను?" అని గద్దించేది. కొన్నాళ్ళకి వదిన గద్దించాల్సిన పని లేకపోయింది. పిల్లే గడప దగ్గర ఆగిపోయేది. నేను బెల్లం జీడీలు ఇస్తే నా చేతిలోంచి తీసుకోకుండా, "అక్కడెట్టు" అని అరుగు చూపించేది.

అంటే నాకు నయమైతేనే పిల్ల. లేకపోతే లేదు. ఆ రోజుల్లో నా బుర్రలో తిరిగిందల్లా ఇదొక్కటే. ఎవరే మందు చెప్పినా పూశాను, ఏ ఆకు చెప్పినా నూరాను. వేప నూనెలో నానాను. ఎవరో చెప్పారని సముద్రపు నీళ్ళలో కూర్చుంటే పుండ్ల మీద ఉప్పు పడి ప్రాణం పోయినంత పనైంది.

ఎండాకాలం మధ్యలో మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మాటల సందర్భంలో అన్నాడు: "పైదేశాల్లో ఈ మధ్య దీనికి చేపనూనె ఇచ్చి చూస్తున్నారట. కొందరికి దురద, ఎరుపు కాస్త తగ్గుతున్నాయంటున్నారు. గట్టిగా చెప్పలేం. మన మందుల షాపుల్లో సొరచేప నూనె గుళికలు ఉంటాయి. రోజుకొకటి వేసుకుని చూడండి. ఎక్కువ ఆశ పెట్టుకోకండి."

మా ఆయన ఆ మాట ఇంట్లో చెప్పేసరికి మా అత్త నవ్వింది. "మన సొర నూనా? అదే మందయితే ఒడ్డునున్నోల్లకి గజ్జెందుకొస్తాది? పైదేశపోల్లు తాగే నూనె వేరు, మన సొర వేరు."

ఇక్కడ మా ఊరివాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మాకు షాపులో కొన్న సరుకు మీద నమ్మకం ఉండదు. ఓడలోంచి దిగిందంటే మాత్రం కళ్ళకద్దుకుంటాం. ఓడ సబ్బు, ఓడ దుప్పటి, ఓడ బిస్కెట్టు, ఏదైనా సరే. అది ఎందుకు పనికొస్తుందో కూడా అడగం. ఓడదా అని అడుగుతాం, ఓడదే అంటే చాలు. మా అత్త ఓడలోంచి వచ్చిన ఏదో పొడిని ఏడాది పాటు పళ్ళపొడిలా వాడింది. అది పింగాణీ తోమే పొడి అని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పళ్ళు బాగానే తెల్లబడ్డాయని వాదించింది. అలాంటి ఇల్లు మాది.

మా వదిన భర్త అప్పలరాజు. నేను అన్నయ్య అని పిలవాలి కాబట్టి పిలిచేదాన్ని. ఓడలకు కూరగాయలు, తాళ్ళు, రంగులు అందించే ఒక కంపెనీలో ఆయన పని. ఓడ మీదికి ఎక్కి దిగే మనిషని మా ఇంట్లో ఆయనకు డాక్టరు కంటే ఎక్కువ మర్యాద. ఒక ఆదివారం డబ్బాలోంచి వంపిన గోధుమరంగు నూనె పెద్ద సీసా నిండా పట్టుకొచ్చాడు.

"బావా, ఇదిగో సూడు," అన్నాడు మా ఆయనతో. "ఫిష్ ఆయిలు. డబ్బా మీద సేప బొమ్మ కూడా ఉన్నాది. ఓడలో సరంగునడిగి డబ్బాలకి డబ్బాలే తెచ్చీసినాను. షాపులో ఇంతింత గుళికలమ్ముతారు, ఇందులో ఎన్ని గుళికలు మునిగిపోతాయో సూడు!"

"తాగేదేనా అన్నయ్యా?" అని అడిగాను.

"సేప నూనంటే తాగక తలకి రాసుకుంటారేటమ్మా?"

అందరూ నవ్వారు. మూత తీస్తే వాసన గుప్పుమంది. కుళ్ళిన చేపల బుట్ట పక్కనే ఎవరో తలుపులకు రంగు వేస్తున్నట్టు వచ్చింది. మా అత్త గరిటె పట్టుకుని నా ముందు నిలబడింది. పులుసులో చేపముక్క ముట్టనివ్వని మనిషి చేప నూనె గరిటెడు నా నోట్లో పోసింది. ఇదెక్కడి న్యాయం అత్తా అని అడిగితే, "ముక్క వేరు, మందు వేరు. నోరు ముయ్యి. కాదు, తెరు" అంది.

నేను నోరు తెరిచాను. పిల్ల కోసం తెరిచాను. అది తెలిసే వాళ్ళందరూ నాతో ఆడుకున్నారు.

అదే ఏడు, వానలు

పొద్దున ఒక గరిటె, సాయంత్రం ఒక గరిటె. అంతేకాక మచ్చల మీద పూత. మొదట్లో పొలుసులు మెత్తబడ్డాయి. ఏ నూనె పూసినా మెత్తబడతాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మా అత్త వీధిలో వెళ్ళేవాళ్ళను పిలిచి నా మోచెయ్యి చూపించింది. "ఓడ మందమ్మా, మా అల్లుడు తెచ్చినాడు" అని చెప్పుకుంది. నాకూ ఆశ పుట్టింది. దసరాలకు పైడి ఇంట్లో ఉంటుందనుకుని ఎర్ర గౌనుకు గుడ్డ కత్తిరించి పెట్టాను.

ఆ ఆదివారం సంతోషంగా కంచరపాలెం వెళ్ళాను. పైడి గడప దాకా వచ్చి ముక్కు మూసుకుంది. "అమ్మా, కంపు" అంది. వెనక్కి వెళ్ళిపోయింది. వదిన లోపల్నుంచి, "మందు వోసనే, ఏటీ కాదు" అని నవ్వింది. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

తర్వాత కడుపు మంట మొదలైంది. ఏం తిన్నా నిలిచేది కాదు. మందు పని చేస్తోందన్నారు. మచ్చలు మళ్ళీ ఎర్రబడి, పగుళ్ళిచ్చి, నీరు కారాయి. విషం బయటికొస్తోందన్నారు. కళ్ళు పసుపెక్కాయి. అప్పుడు కూడా మా అత్త గరిటె పట్టుకొచ్చింది.

"అత్తా, నా వల్ల కాదు. నాను తాగను" అన్నాను.

"అయితే గుంటొద్దా నీకు?"

తాగాను. ఆ మధ్యాహ్నమే వాకిట్లో నీళ్ళకుండ ఎత్తబోయి పడిపోయాను.

ఆసుపత్రిలో డాక్టరు, ఏం తాగావమ్మా అని అడిగాడు. చేపనూనె అన్నాను. ఆయన నమ్మలేదు. అది వచ్చిన డబ్బా తెమ్మన్నాడు. అప్పలరాజు అన్నయ్య ఇంట్లో మిగిలిన డబ్బాను తళతళలాడేలా తుడిచి, బహుమతి తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకొచ్చాడు. ముందు వైపు చేప బొమ్మ. డాక్టరు వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది మనిషికిచ్చేది కాదయ్యా. ఓడ డెక్కు మీద తుప్పు పడితే ఆ ఇనుముకు పూసేది. చేపనూనెలో రంగు ఆరే మందులు కలుపుతారు" అన్నాడు. పక్కనున్న నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా పెదాలు బిగపట్టుకున్నాడు. మంచం మీద పసుపుముద్దలా పడి ఉన్న నాకు అవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

అప్పలరాజు అన్నయ్య డబ్బాను తన వైపు తిప్పుకున్నాడు. "ఇనుముకి పట్టిన తుప్పే ఒదిలిపోతే, ఒంటి మీద పొట్టెందుకు ఒదలదు డాట్రుగారూ?" అని అడిగాడు.

నాకు లేచే శక్తి ఉండి ఉంటే ఆ డబ్బా ఆయన నెత్తిన బోర్లించేదాన్ని. మా ఆయన మాత్రం మొదటిసారి నోరు తెరిచాడు. "బయటికెల్లు బావా" అన్నాడు. అంతకంటే ఇంకేం అనలేదు. ఏడాదిలో ఆయన నా తరఫున మాట్లాడిన మాట అదొక్కటే. దానికి కృతజ్ఞత చెప్పమంటే చెప్పను.

నా పక్క మంచం మీద మార్తమ్మ అని ఒకావిడ ఉండేది. ఏదో కడుపు ఆపరేషను చేయించుకుని లేచి తిరుగుతోంది. మిగతా మంచాల వాళ్ళు నా వైపు వీపు పెట్టి పడుకుంటే, ఆవిడ వచ్చి నా మంచం మీదే కూర్చుంది. జడలు కట్టిన నా తలను చూసి, "ఏటిది తల్లీ, పిచ్చుక గూడా?" అని దువ్వెన తీసింది. పొట్టు రాలుతుందండీ, వద్దండీ అన్నాను. "రాలనీ. దులుపుకుంటే పోతాది" అంది. నెత్తురు రాకుండా, పాయ పాయ విడదీసి, నూనె రాసి జడ వేసింది. ఏడాదిగా నన్ను ఎవరూ ముట్టుకోలేదని ఆవిడ వేళ్ళు తగిలాక తెలిసింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

"పిల్లా జెల్లా లేరేటి?" అని అడిగింది. చెప్పాను. నాకు తగ్గాక ఇస్తామన్నారని చెప్పాను.

ఆవిడ జడకు రిబ్బను ముడి వేస్తూ, "తగ్గకపోతేనో?" అంది.

పెద్ద ఆలోచించి అడిగిన మాట కాదది. అడిగేసి, దువ్వెన కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నేను మాత్రం రోజంతా ఆ మాట పట్టుకుని పడుకున్నాను. పూర్తిగా పోదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. పోనిదాన్ని పోగొట్టుకు రమ్మని వీళ్ళు నాకు షరతు పెట్టారు. నేను ఆ షరతుకు తల ఊపి, తుప్పు నూనె తాగాను.

దసరాలు వెళ్ళాక

కళ్ళ పసుపు తగ్గింది. మచ్చలు తగ్గలేదు. ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తినే ఓపిక వచ్చాక, ఒకరోజు పొద్దున చీర కట్టుకుని బయల్దేరాను. మా అత్త ఎక్కడికే అంది. కంచరపాలెం అన్నాను. ఆదివారం కాదు కదే అంది. గుమ్మం దిగేశాను. ఆ రోజు వేసుకున్నది పొట్టి చేతుల జాకెట్టు. అంతకుముందు ఏడాదంతా మోచేతులు కప్పే జాకెట్లే వేసుకున్నాను.

వదిన గుమ్మంలోనే నా చేతులు చూసింది. "తగ్గలేదు కదేటి?" అంది.

"తగ్గలేదు. తగ్గదు. పైడి బట్టలు సర్దు వదినా."

"అమ్మ ఏటన్నాది? తమ్ముడేటన్నాడు?"

"వాళ్ళనడగలేదు. నీకూ చెబుతున్నానంతే, అడగట్లేదు."

"రేపు గుంటకొస్తే ఎవులిది పూచీ?"

"వస్తే నాను చూసుకుంటాను. ఓడ నూనె మటుకు పొయ్యను" అన్నాను. వదిన మొహం మాడిపోయింది. లోపల్నుంచి అప్పలరాజు అన్నయ్య దగ్గు వినిపించింది గానీ మనిషి బయటకు రాలేదు. గొంతు పెంచాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. రానీ అనుకున్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మాటలన్నీ ఇక్కడ రాస్తే ఈ కాగితం మైలపడుతుంది. సంచీ బయటికొచ్చింది, దాని వెనక పైడి వచ్చింది.

తర్వాతి సంగతి కొంచెం ముందే చెప్పేస్తాను. షాపులో అమ్మే సొర గుళికలు కూడా ఆ తర్వాత డాక్టరు దగ్గరుండి ఇస్తే కొన్నాళ్ళు మింగాను. ఒక చలికాలం దురద కాస్త నెమ్మదించినట్టనిపించింది. గుళికల వల్లనో, ఇంట్లో పోరు తగ్గడం వల్లనో నాకు తెలియదు. త్రేన్పులు మాత్రం రోజంతా చేపవే. పనిచేస్తే మంచిదే, మీ డాక్టరునడిగి వేసుకోండి. నా మోచేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చలికి లేస్తాయి, ఎండకు అణుగుతాయి. చేపలపులుసు కడుపునిండా తింటున్నాను. మా అత్త చూస్తుండగానే తింటున్నాను.

ఆ రోజు బస్సులో జరిగింది చెప్పి ఆపుతాను.

కిటికీ పక్కన పైడిని కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. అది తన సంచీ తీసి మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే పెట్టింది. నేను ఆ సంచీ తియ్యలేదు. "తగ్గిపోయిందా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరెందుకొచ్చినావు?"

"నీకోసం."

అది కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. కాన్వెంటు జంక్షను దగ్గర డ్యూటీ దిగిన జనం ఎక్కారు. కండక్టరు వచ్చి, "పాపని ఒళ్ళో కూచోబెట్టుకోమ్మా, ముసలాయన నిలబడ్డాడు" అన్నాడు. పైడి నా వైపు చూసింది. నేను చేతులు చాపలేదు. నాకు భయం వేసింది. నా ఏడాది కోపమంతా ఏమైపోయిందో, ఆరేళ్ళ పిల్ల ముందు నాకు భయం వేసింది. అది సంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టి, నా ఒళ్ళోకి ఎక్కింది. ఎక్కి, నా చేతులకు తగలకుండా తన చేతులు రెండూ గుండెకు ముడుచుకుని బిగుసుకుపోయి కూర్చుంది.

సింధియా దాటేసరికి నిద్రపోయింది. తల వాలి వాలి నా మోచేతి మీద పడింది. సరిగ్గా పచ్చిగా ఉన్న చోట పడింది. మంట పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిద్రలో అది చెయ్యి తెచ్చి ఆ మచ్చ మీదే వేసి, చెంప కింద సర్దుకుంది.

"మల్కాపురం, మల్కాపురం" అని కండక్టరు అరిచాడు. నేను లేవలేదు.

"దిగాలి కదమ్మా?"

"ఇంకొంచెం ముందుకెళ్ళాలి" అన్నాను, పైడి లేవకుండా మెల్లిగా. "గాజువాక దాకా ఇంకో టిక్కెట్టు కొట్టండి."